మాల్దీవుల్లో ఖర్చంతా పడవదే

విదేశీ దీవికి సెలవుల్లో వెళ్లాలనుకున్న కుటుంబం ముందుగా విమాన టికెట్ ధర చూస్తుంది, ఆ తర్వాత గది అద్దె చూస్తుంది, స్థానిక ప్రయాణాల సంగతి అక్కడికి వెళ్లాక చూసుకోవచ్చులే అనుకుంటుంది. మాల్దీవుల విషయంలో ఈ వరుసను తలకిందులు చేయాలి. ఉత్తర దక్షిణాలుగా 800 కిలోమీటర్లకు పైగా పరుచుకున్న ఆ దేశంలో ఏ దీవికి ఏ పడవ వెళ్తుందో, ఏ వేళకు వెళ్తుందో, ఏ రోజు వెళ్లదో తెలిసిన తర్వాతే మిగతా లెక్కలు వేయాలి. మా తోడల్లుడి కుటుంబం, మేము కలిసి చేసిన యాత్ర తక్కువ ఖర్చుతో పూర్తయిందంటే కారణం చౌక గదులు దొరకడం కాదు, పడవల వేళలను ముందు పెట్టుకుని విమానం టికెట్లు కొనడమే.

మొదట్లో మా ముందు వేరే దీవులు కూడా ఉన్నాయి. ఖర్చొక్కటే కొలతగా తీసుకుంటే లంకావికి ఓటు వేయాలి. మలేసియా 2023 డిసెంబరు నుంచి భారతీయ పర్యాటకులను వీసా అడగడం లేదు, పైగా లంకావి సుంకాలు లేని దీవి. బాలికి వెళ్తే దిగగానే తీసుకునే వీసాకు 5 లక్షల ఇండోనేసియా రుపియాలు, 2024 ఫిబ్రవరి నుంచి వసూలు చేస్తున్న పర్యాటక రుసుము కింద మరో లక్షన్నర రుపియాలు, తలకు ఇంత అని కట్టాలి. మాల్దీవుల్లో 30 రోజుల వీసా దిగగానే ఉచితంగా ఇస్తారు, బెంగళూరు నుంచి విమానం సుమారు రెండు గంటల్లో చేరుస్తుంది, గడియారాన్ని అరగంట వెనక్కి తిప్పుకుంటే చాలు. అయితే తూకం అటు మొగ్గడానికి అసలు కారణం మా తోడల్లుడు. తిమింగల సొరను, అంటే వేల్ షార్క్ అనే భారీ సొరచేపను, దాని చోటనే చూడాలన్నది ఆయనకు చిరకాల కోరిక.

మాల్దీవులు డబ్బున్నవాళ్లకేనన్న పేరు ఊరికే రాలేదు. చాలా కాలం పాటు విదేశీ పర్యాటకులు దీవికొక్కటిగా కట్టిన రిసార్టుల్లోనే ఉండేవారు, స్థానికులు నివసించే దీవుల్లో వాళ్లకు బస ఉండేది కాదు. 2010 ప్రాంతంలో ప్రభుత్వం జనావాస దీవుల్లోనూ అతిథిగృహాలకు అనుమతులు ఇవ్వడం మొదలుపెట్టాక మాఫుషి, ధిగురా, థోడ్డూ, ఉకుల్హాస్ వంటి ఊళ్ల పేర్లు పర్యాటకుల నోట వినిపించసాగాయి. సముద్రం అదే, పగడాలు అవే. రిసార్టులో పడుకున్నవాడికి కనిపించే తాబేలే అతిథిగృహంలో పడుకున్నవాడికీ కనిపిస్తుంది.

ఇక పడవల సంగతి. రాజధాని మాలే పక్కన ఉన్న హుల్హులే దీవి మొత్తం విమానాశ్రయమే. అక్కడి నుంచి దూరపు రిసార్టులకు సీప్లేన్లు వెళ్తాయి, వాటి చార్జీ వందల డాలర్లలో ఉంటుంది, పైగా పగటి వెలుతురులోనే ఎగురుతాయి కాబట్టి రాత్రి దిగినవాళ్లు తెల్లవారే దాకా ఆగాలి. మనకు పనికొచ్చేవి రెండే: నిర్ణీత వేళల్లో తిరిగే స్పీడ్‌బోట్లు, ప్రభుత్వం నడిపే ఫెర్రీలు. మేము మొదట బస చేసిన మాఫుషికి స్పీడ్‌బోటులో ముప్పావుగంట లోపే చేరవచ్చు, మనిషికి సుమారు పాతిక డాలర్లు తీసుకుంటారు. ఫెర్రీ చార్జీ అందులో చిన్న భాగమే, కానీ అది బయలుదేరేది మాలే రేవు నుంచి, ప్రయాణం రెండు మూడింతలు పడుతుంది, శుక్రవారం నడవదు. నలుగురు పెద్దలకు స్పీడ్‌బోటు రానూపోనూ వంద డాలర్లకు రెట్టింపవుతుంది. రెండు రాత్రుల గది అద్దెకు అది ఏమాత్రం తీసిపోదు.

అందుకే మేము శుక్రవారం దిగే చౌక టికెట్‌ను వదులుకుని, మధ్యాహ్నం లోపు మాలే చేరే మరో రోజు విమానాన్ని ఎంచుకున్నాము. సాయంత్రం పొద్దుపోయాక దిగితే ఆ రోజు దీవికి వెళ్లే పడవలు అయిపోతాయి, లేదా మనకోసమే ఒక పడవను మాట్లాడుకోవలసి వస్తుంది. అప్పుడు మంచి దారి, విమానాశ్రయానికి రోడ్డుతో కలిసిన హుల్హుమాలే దీవిలో ఆ రాత్రి గడిపి, పొద్దున్నే పడవ ఎక్కడం. ఆ ఒక రాత్రి అద్దె కూడా విమానం టికెట్ ధరలో కలిపి చూసుకుంటే చౌక టికెట్ చౌకగా కనిపించదు.

గది విషయానికి వస్తే, వెబ్‌సైటులో కనిపించే అంకెను నమ్ముకుని బడ్జెట్ వేసుకోకూడదు. 50 డాలర్ల గది అనుకుందాం. దాని మీద 10 శాతం సేవా రుసుము కలిస్తే 55, ఆ మొత్తం మీద పర్యాటక జీఎస్టీ, అంటే 2025 జులై నుంచి 17 శాతం, వేస్తే 64 దాటుతుంది. హరిత పన్ను అని మరొకటి ఉంది. యాభై, అంతకంటే తక్కువ గదులున్న అతిథిగృహాల్లో 2025 జనవరి నుంచి మనిషికి రాత్రికి 6 డాలర్లు. దంపతులకు 12 డాలర్లు కలిపితే ఆ 50 డాలర్ల గది 76 దాటి కూర్చుంటుంది. కొన్ని చోట్ల ఈ పన్నులు కలిపే ధర చూపిస్తారు, కొన్ని చోట్ల చూపించరు. గది ఖాయం చేసుకునే ముందు యజమానికి సందేశం పంపి, పన్నులన్నీ కలిపి మొత్తం ఎంతో రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్నాము. అదే సందేశంలో స్పీడ్‌బోటులో సీట్లు కూడా వాళ్లే పట్టి ఉంచారు. దేశం విడిచి వెళ్లేటప్పుడు కట్టే పన్ను విమాన టికెట్‌లోనే కలిసి ఉంటుంది. దూరం తక్కువైనా మాలే టికెట్ మనం ఊహించినంత చౌకగా లేకపోవడానికి అదొక కారణం.

ప్యాకేజీ కొనాలా, విడివిడిగా కొనుక్కోవాలా అన్నది ఇంట్లో కొంత వాదనకు దారి తీసింది. విదేశీ యాత్ర ప్యాకేజీ కొంటే టూర్ సంస్థ మన దగ్గర టీసీఎస్, అంటే ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తుంది. రిటర్ను దాఖలు చేసినప్పుడు దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు గానీ, అప్పటిదాకా ఆ డబ్బు మన చేతిలో ఉండదు. నా మటుకు నాకు, ఎక్కవలసినవి రెండు మూడు పడవలే అయిన చోటికి ప్యాకేజీ అవసరమనిపించలేదు. పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లే కుటుంబమైతే మరోలా ఆలోచించవచ్చు.

కాగితాల పని తక్కువే. తిరుగు టికెట్, గది ఖాయమైనట్టు ఆధారం, పాస్‌పోర్టు, వీటితోపాటు ఇముగా అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ప్రయాణానికి ముందు 96 గంటల లోపు ఒక ప్రకటన నింపాలి. దానికి రుసుము లేదు. డబ్బు అడిగే వెబ్‌సైటు ఏదైనా కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని గ్రహించాలి. సామాను సర్దేటప్పుడు గుర్తుంచుకోవలసింది మరొకటి ఉంది. మద్యం, పంది మాంసం లాగానే పూజకు వాడే విగ్రహాలను కూడా ఆ దేశంలోకి తీసుకుపోనివ్వరు. ఏ ఊరు వెళ్లినా మా ఆవిడ చేతిసంచిలో ఉండే చిన్న వేంకటేశ్వరస్వామి విగ్రహం ఈసారి ఇంట్లో పూజగదిలోనే ఉండిపోయింది. చదరపు మూడు పిన్నుల ప్లగ్గుకు అడాప్టరు, చిరగని డాలరు నోట్లు కొన్ని మాత్రం తప్పనిసరి.

విమానాశ్రయం తలుపు దాటగానే ఎదురుగా సముద్రం, దాన్ని ఆనుకుని రేవు. ఊళ్లో బస్టాండుకు వెళ్లినంత మామూలుగా జనం పడవల దగ్గరికి నడుస్తున్నారు. ఎక్కే ముందు పడవవాళ్లు చెప్పులు విప్పించి ఒక ప్లాస్టిక్ బుట్టలో వేయించారు. దిగిన చోట అందరూ ఆ బుట్ట చుట్టూ మూగి ఎవరి జోడు వాళ్లు వెతుక్కోవలసిందే. ముందు సీట్లలో కిటికీ దొరికిందని మురిసిన కుర్రజంట, అలల మీద పడవ ముక్కు లేచి దబ్బున పడుతుంటే నాలుగు నిమిషాల్లో వెనక్కి వచ్చి మా పక్కన కూర్చుంది. కడుపులో తిప్పేవాళ్లు ఇంజన్ల దగ్గర, వెనక వరుసలో కూర్చోవడం మేలు, అక్కడ కుదుపు తక్కువ.

మాఫుషి పొడవు కిలోమీటరున్నర కూడా ఉండదు. ఒక కొసన దేశపు కారాగారం ఉంది, మరో వైపు పర్యాటకుల ఈతకు కేటాయించిన తీరం ఉంది, మధ్యలో ఊరు. ఈత దుస్తులు ఆ కేటాయించిన తీరంలోనే చెల్లుతాయి, ఊరి వీధుల్లో భుజాలు, మోకాళ్లు కప్పుకుని తిరగడం మర్యాద. రేవు దగ్గర ఇనుప చట్రాలకు తాడు అల్లిన జోలి కుర్చీలు వరుసగా ఉంటాయి, సాయంత్రం అయ్యేసరికి ఊరి పెద్దలు వాటిలో చేరగిలబడి వచ్చే పడవలను చూస్తుంటారు. మేమూ అక్కడ కూర్చుని చూస్తుండగా ఒక సరుకు పడవ వచ్చింది. ఉల్లిపాయల బస్తాలు, కోడిగుడ్ల అట్టలు, మంచినీళ్ల సీసాలు, గ్యాసు సిలిండర్లు ఒకటొకటిగా చేతులు మారి గట్టు మీదికి చేరాయి. హోటల్లో ఆమ్లెట్ ఎందుకంత ఖరీదో, చేప కూర ఎందుకు చౌకో ఆ గట్టు మీదే అర్థమవుతుంది. చేప, కొబ్బరి అక్కడివి, మిగిలినవి దాదాపు అన్నీ పడవ చార్జీ కట్టి వచ్చినవే.

కాబట్టి తిండి ఖర్చు తగ్గాలంటే వాళ్లు తినేదే తినాలి. పొద్దున మస్ హుని అనే పదార్థం పెడతారు. ట్యూనా చేప ముక్కలు, పచ్చి కొబ్బరి కోరు, ఉల్లిపాయ, పచ్చిమిరప, నిమ్మరసం చేత్తో పిసికి కలిపి, రోషి అనే పలుచని రొట్టెతో ఇస్తారు. గోంగూర లేదని తప్ప నాకు మరే లోటూ తోచలేదు. సాయంత్రం టీ కొట్లలో చేప కూరిన బజ్జీలలాంటి చిరుతిళ్లను హెధికా అంటారు, నాలుగు తిని టీ తాగితే రాత్రి భోజనం పెద్దగా అక్కరలేదు. చిక్కంతా శాకాహారులకే. మా వదినగారు శనివారం నీసు ముట్టరు. ఆ రోజు చూడటానికి కూరగాయల సమోసాలా ఉన్న దానిలోనూ చేపే ఉంది. చివరికి అతిథిగృహం వంటమనిషి, కేరళ నుంచి వచ్చిన అబ్బాయి, పప్పు వండి అన్నం పెట్టాడు. ముందు రోజే చెప్పి ఉంచితే చాలాచోట్ల ఈ సాయం దొరుకుతుంది. రంజాన్ నెలలో మాత్రం పగటిపూట ఊరి హోటళ్లు మూసి ఉంటాయి, ఆ నెల వెళ్లేవాళ్లు అతిథిగృహంలోనే భోజనం మాట్లాడుకోవాలి.

తిమింగల సొరల కోసం దక్షిణ అరి వలయంలోని ధిగురాకు వెళ్లాము. వలయమంటే ఉంగరంలా పరుచుకున్న పగడపు దీవుల గుంపు. మాఫుషి నుంచి అక్కడికి నేరుగా వెళ్లే పడవ కోసం వెతకడం కన్నా మాలేకు తిరిగి వచ్చి మరో స్పీడ్‌బోటు ఎక్కడం తేలిక. రెండు గంటల ప్రయాణం, చార్జీ మాఫుషికి రెట్టింపు పైనే. ఖర్చు మరీ బిగించాలనుకునేవాళ్లు రెండు వలయాలు కలపకుండా ఒకే దీవిలో ఉండిపోవాలన్నది నా అభిప్రాయం. సొర మీద మనసు లేనివాళ్లకు మాఫుషి చాలు. మాకు మటుకు ధిగురా కోసం పెట్టిన డబ్బే ఎక్కువ ఫలితమిచ్చింది. మూడు కిలోమీటర్ల సన్నని దీవి, చివర నీటిలోకి సాగిన ఇసుక తిన్నె, నడిచినంత దూరం నీడనిచ్చే చెట్లు.

ఆ దీవి ఎదుటి సముద్రాన్ని 2009లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. తిమింగల సొరల వేటను మాల్దీవులు 1995లోనే నిషేధించాయి. అక్కడ అవి ఏడాది పొడుగునా తిరుగుతాయి, ఎక్కువగా ఎదిగీ ఎదగని మగవి. పడవ పైకప్పు మీద ఒక కుర్రవాడు నిలబడి నీటిలో నల్లని నీడ కోసం వెతికాడు. గంటకు పైగా ఏమీ లేదు. తర్వాత అతను ఒక్క కేక వేయగానే ఇంజను ఆగింది, అద్దాలు, గొట్టం బిగించుకుని దిగాము. నీటిలో తల వంచి చూస్తే ముందు ఏమీ కనిపించలేదు, తర్వాత కాళ్ల కింద నీలం రంగు కదిలింది. పడవ పొడవున్న వీపు, దాని మీద బియ్యపు పిండితో చుక్కలు పెట్టినట్టు తెల్లని మచ్చలు. ఈ మచ్చల అమరికను బట్టే పరిశోధకులు ఒక్కో జంతువును గుర్తుపడతారట. ముట్టుకోకూడదు, ఎదురు వెళ్లకూడదు, ఫ్లాష్ వాడకూడదు. అది తోక రెండుసార్లు ఊపి లోతుకు వెళ్లిపోయింది. మా తోడల్లుడు పైకి వచ్చాక చాలాసేపు గొట్టం నోట్లోంచి తీయడమే మరిచిపోయారు.

ఈ సొర యాత్రకు కూడా పడవ లెక్కే వర్తిస్తుంది. ఇంధనం ఖర్చు ఎంతమంది ఎక్కినా ఒకటే కనుక, మేము దిగిన రోజే పక్క అతిథిగృహంలోని వాళ్లతో కలిసి ఒకే పడవకు పేర్లు ఇచ్చాము. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు సముద్రం ప్రశాంతంగా ఉంటుంది, ధరలూ పైన ఉంటాయి. మే నుంచి నైరుతి గాలులతో వాన, కెరటాలు ఎక్కువ, గదులు చౌక. వాన కాలంలో గది మిగిల్చిన డబ్బు, గాలి వల్ల పడవలు ఆగితే అదనపు రాత్రి రూపంలో పోయే అవకాశం ఉంది. అందువల్ల ఆ నెలల్లో దూరపు దీవి కాకుండా మాలేకు దగ్గరి దీవిని ఎంచుకోవడం నయం.

తిరుగు ప్రయాణం రోజున రాత్రి విమానమే అయినా ఉదయం పడవకే బయలుదేరాము. చివరి పడవను నమ్ముకుని విమానం ఎక్కాలనుకోవడం ఆ సముద్రంలో తెలివైన పని కాదు. సామాను విమానాశ్రయంలో భద్రపరచి, మాలేలో చేపల అంగడి, 1658లో పగడపు రాళ్లతో కట్టిన హుకురు మిస్కీ మసీదు చూశాము. ఒకదానిలో ఒకటి గాడి కోసి కూర్చిన ఆ రాళ్ల మీద లతల నగిషీ అతి సన్నగా ఉంటుంది. మిగిలిన రుఫియాలకు, అంటే మాల్దీవుల కరెన్సీకి, మన దేశంలో గిరాకీ ఉండదు కనుక టీలకు, టాక్సీకి ఖర్చు చేసేశాము. పిల్లలు ఒడ్డున ఏరిన పగడపు ముక్కలను మాత్రం ధిగురా ఒడ్డునే వదిలించాము, వాటిని దేశం దాటించడం అక్కడ నేరం.