చుక్క వెంట నలభై ఒక్క రోజులు

మూడో రోజు రాత్రి మావాడు ఫోన్ చేసి, "చిటికెన వేలికి స్పర్శ తెలియట్లేదు రా, సీసా మూత కూడా తిప్పలేకపోతున్నా" అన్నాడు. అప్పటికి వాడు సైకిల్ తొక్కింది 230 కిలోమీటర్లు. ఇంకా 2,700 దాకా మిగిలి ఉంది. నేను "ఏం కాదు రా, నువ్వు పులివి" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. "సరే, పడుకుంటా" అని పెట్టేశాడు.

వేలు పని చేయట్లేదని చెప్పినవాడికి నేనిచ్చిన జవాబులో వేలి ఊసే లేదు. ఆ సంగతి ఫోన్ పెట్టేశాక తెలిసింది.

మేం నలుగురం చిన్నప్పటి నుంచి కలిసి తిరిగినవాళ్లం. దేశానికి ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒంటరిగా సైకిల్ తొక్కాలన్నది వాడి ఏళ్లనాటి కోరిక. సైకిలూ సామానూ కలిపి 32 కిలోలు. వెనక వచ్చే బండి లేదు, తోడు మనిషి లేడు. మిగతా ముగ్గురం ఉద్యోగాలు వదిలి కదిలే వీల్లేనివాళ్లం. మా చేతుల్లో ఉన్నదల్లా ఫోన్లూ, మ్యాప్ మీద వాడి జాడ చూపించే ఒక నీలం చుక్కా.

ముగ్గురిలో ఒకడికి సైకిళ్లు విప్పి బిగించే అలవాటు ఉంది. వాణ్ణి మేం మెకానిక్ అనే పిలుస్తాం. మర్నాడు పొద్దున్నే మెకానిక్ ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. సైకిల్‌ని పక్క నుంచి ఫోటో తీసి పంపమన్నాడు. చూస్తే సీటు ముక్కు కిందికి వంగి ఉంది. రెండో రోజు కూర్చున్నచోట నొప్పి పుడితే మావాడే అలా వంచుకున్నాడట. సీటు ముందుకు వాలితే ఒళ్లు జారుతుంది, జారకుండా ఆపే భారమంతా అరచేతుల మీద పడుతుంది. చిటికెన వేలికీ, దాని పక్క వేలిలో సగానికీ వెళ్లే అల్నార్ నరం సరిగ్గా అరచేతి అంచున, మణికట్టు దగ్గర హ్యాండిల్ కింద నలుగుతుంది. సీటు సమంగా తిప్పి, హ్యాండిల్ కొద్దిగా ఎత్తి, పది నిమిషాలకోసారి పట్టు మార్చుకోమన్నాం. తిమ్మిరి ఒక్క రోజులో పోలేదు, కానీ పెరగడం ఆగింది. వారానికల్లా సీసా మూత తిప్పగలిగాడు. ఆ కబురు వచ్చినప్పుడు నాకు కలిగిన ఆనందం వాడు గమ్యం చేరినప్పటి ఆనందానికి ఏమాత్రం తక్కువ కాదు.

సీటు సరిచేసిన రోజే పనులు పంచుకున్నాం. సైకిల్ సంగతి మెకానిక్‌ది. రాత్రి ఫోన్లో మాట్లాడటం మూడోవాడిది, ఎందుకంటే మాలో తొందరపడకుండా వినగలిగింది వాడొక్కడే. నాకు గాలి వచ్చింది.

గాలంటే నిజంగా వీచే గాలే. ఎత్తయిన కొండ అయినా ఎక్కాక దిగుడు ఇస్తుంది, ఎదురుగాలి ఏమీ ఇవ్వదు. గాలి లేని రోజున గంటకు 18 కిలోమీటర్లు తొక్కేవాడు, 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో అదే వేగంతో పోవాలంటే వాడి ఒంటికి తగిలే గాలి వేగం 38. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి అది నాలుగు రెట్లకు మించిపోతుంది. నేను రోజూ తెల్లవారుజామున ఐదింటికి లేచి, వాడి దారిని మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఏ వేళకు ఏ వైపు నుంచి ఎంత గాలో రాసి పంపేవాణ్ణి.

మొదటి వారంలోనే ఒక పెద్ద తప్పు చేశాను. ఆ రోజుల్లో వాడు పడమరకు వెళ్తున్నాడు. యాప్‌లో గాలి పక్కన పడమర అని ఉంటే, గాలి పడమరకు పోతోందనుకుని "ఈ రోజు వెన్నుగాలి, హాయిగా పో" అని పంపాను. వాతావరణం లెక్కల్లో గాలికి రాసే దిక్కు అది వచ్చే దిక్కు, పోయే దిక్కు కాదు. వాడు రోజంతా ఎదురుగాలిలో పళ్లు బిగించి తొక్కాడు. అంతకన్నా బాధ, నా మాట నమ్మి తన కాళ్లలోనే సత్తువ తగ్గిపోయిందనుకున్నాడు. సాయంత్రం క్షమించమని అడిగితే, "గాలేనా? అమ్మయ్య, నాకేదో అయిపోయిందనుకున్నా" అన్నాడు. కష్టానికి కారణం తెలిస్తే బరువు సగమవుతుందని అప్పుడు అర్థమైంది. అప్పటి నుంచి ఎదురుగాలి బలంగా ఉన్న రోజున కిలోమీటర్ల లెక్క మాట్లాడటం మానేశాం. ఆరు గంటలు తొక్కు, ఎక్కడిదాకా వస్తే అక్కడే ఆగు, అంతే.

పన్నెండో రోజు చుక్క కదలడం ఆగిపోయింది. మధ్యాహ్నం రెండుకు ఒక లోయ అంచున ఆగింది, ఆరయినా అక్కడే ఉంది. నలుగురి మధ్యా ముందే అనుకున్న పద్ధతి ఒకటుంది. తొక్కేటప్పుడు ఎవరూ ఫోన్ చేయకూడదు. చుక్క రెండు గంటలు కదలకపోతే ఒక మెసేజ్, మరో అరగంటకు ఫోన్. రెండూ చేశాం, రెండూ వెళ్లలేదు. వాళ్లమ్మగారికి రోజూ సాయంత్రం ఏడింటికి కబురు చెప్పడం నా వంతు. ఆ రోజు ఏం చెప్పాలో తెలియక ఫోన్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆరూ నలభైకి చుక్క ఒక్కసారిగా 40 కిలోమీటర్లు ముందుకు దూకింది. వాడికేమీ కాలేదు, లోయలో సిగ్నల్ లేదు, అంతే. ఆ రాత్రే మిగతా దారంతా చూసి, సిగ్నల్ ఉండదనిపించిన చోట్లన్నీ ముందే గుర్తు పెట్టుకున్నాం. దూరం నుంచి తోడుండాలనుకునేవాళ్లు బయల్దేరకముందే చేయాల్సిన పని అది. మేం పన్నెండు రోజులు ఆలస్యంగా చేశాం.

రోజూ ఆ ఫోన్లో వాళ్లమ్మగారు అడిగేది ఒకటే మాట. ఎన్ని కిలోమీటర్లని కాదు, ఏ ఊరని కాదు. "తిన్నాడా బాబూ?"

పదహారో రోజు వెనక చక్రంలో స్పోకు తెగింది. ఎక్కువగా తెగేది అక్కడే, గేరు పళ్లున్న కుడివైపున. అటు స్పోకులు ఎడమవైపు వాటికన్నా బిగువుగా ఉంటాయి, పైగా సామాను బరువు వెనకే. చక్రం వంకర పోయి రిమ్ము బ్రేకుకు రాసుకుంటోంది. మెకానిక్ వీడియో కాల్‌లో దగ్గరుండి, పక్క స్పోకులు ఏవి ఎంత వదులు చేయాలో చెప్పి, వెనక బ్రేకు తెరిచి పెట్టించాడు. మిగతా ఇద్దరం ముందున్న ఊళ్లలో సైకిల్ షాపుల నంబర్లు పట్టుకుని, ఆ పొడవు స్పోకు, గేరు పళ్లు విప్పే పనిముట్టు రెండూ ఎవరి దగ్గరున్నాయో కనుక్కున్నాం. ఏడో ఫోన్‌కు దొరికాయి, 55 కిలోమీటర్ల అవతల. ముందు బ్రేకు ఒక్కదానితో, మెల్లగా, సాయంత్రానికి చేరాడు.

పంతొమ్మిదో రోజు గురించి వాడు ఇప్పటికీ ఎక్కువ మాట్లాడడు. కొండదారి. సాయంత్రం నాలుగున్నరకు మెసేజ్ వచ్చింది. "దిగి తోసుకుంటూ వెళ్తున్నా. సైకిల్ యాత్ర అని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఇక చాలు రా." నా వేళ్లు అలవాటుగా "నీ వల్ల అవుతుంది" అని టైప్ చేయబోయాయి. మూడోవాడు అప్పటికే ఫోన్ చేశాడు. వాడు అడిగింది వాళ్లమ్మగారి ప్రశ్నే.

"చివరిసారి ఎప్పుడు తిన్నావు?"

"పదింటికనుకుంటా."

ఆరున్నర గంటలు, అదీ ఎక్కుడు మీద. కండరాల్లో, కాలేయంలో దాచిన గ్లైకోజెన్ అనే శక్తి నిల్వ గట్టిగా శ్రమపడితే గంటన్నర, రెండు గంటలకే అడుగంటుతుంది. అప్పుడు కాళ్లే కాదు, మనసూ చతికిలబడుతుంది. ఏడుపొస్తుంది, చిరాకొస్తుంది, చేస్తున్న పనంతా వ్యర్థమనిపిస్తుంది. మావాడు రోడ్డు పక్కన కూర్చుని సంచిలో ఉన్న తీపి అంతా తిన్నాడు. మూడోవాడు నలభై నిమిషాలు లైన్లోనే ఉన్నాడు, చాలావరకు ఏమీ మాట్లాడకుండా.

ఖాళీ కడుపుతో గానీ, చీకటి పడ్డాక గానీ విరమించుకునే నిర్ణయం తీసుకోకూడదని బయల్దేరేముందే ఒప్పందం ఉంది. తిని, నిద్రపోయి, పొద్దున లేచాక కూడా వద్దనిపిస్తే, ఎందుకని మేం అడగం. అందుకే ఆ రాత్రి నేను మర్నాటి బస్సు వేళలు చూసి పంపాను. మనస్ఫూర్తిగానే పంపాను. తర్వాతెప్పుడో వాడన్నాడు: మీరు సూపర్ సూపర్ అంటున్నకొద్దీ మిమ్మల్ని ఎక్కడ నిరాశపరుస్తానో అని భయమేసేది, బస్సు వేళలు చూశాక గుండె తేలికైంది అని.

తోసుకుంటూ వెళ్లడం సిగ్గన్నాడు కదా, ఆ రాత్రి బస్సు వేళలతోపాటు ఇంకోటి కూడా పంపాను. 1884లో థామస్ స్టీవెన్స్ పెద్ద ముందు చక్రం సైకిల్ మీద శాన్ ఫ్రాన్సిస్కోలో ఏప్రిల్‌లో బయల్దేరి, ఆగస్టులో బోస్టన్ చేరాడు. అమెరికాను సైకిల్ మీద దాటిన మొదటి మనిషిగా ఆయన్నే చెప్పుకుంటారు. ఆ దారిలో చాలా భాగం ఆయన కూడా సైకిల్‌ని తోసుకుంటూ నడిచాడు. పొద్దున ఆరుంబావుకు జవాబొచ్చింది. "గాలి ఎంత?"

ఆ తర్వాత ఇరవై రెండు రోజుల్లో చెప్పుకోదగ్గవి పెద్దగా లేవు. రెండు పంచర్లు, ఒక రోజంతా వాన, రెండు రోజుల విశ్రాంతి.

నలభై ఒకటో రోజుకు సెలవు పెట్టి, నేనూ మెకానిక్కూ మా సైకిళ్లతో ముందురోజు రాత్రే గమ్యానికి 35 కిలోమీటర్ల ఇవతలికి వెళ్లాం. మూడోవాడు వాళ్లమ్మగారిని తీసుకుని చివర్లో ఉంటానన్నాడు. పొద్దున వంపులోంచి మావాడు వస్తూ కనిపించాడు. మనిషి నల్లబడ్డాడు, సగమయ్యాడు. కావలించుకున్నాం. కుడిచేతి చిటికెన వేలు మిగతా వేళ్లతో కలవకుండా ఇంకా కాస్త విడిగానే ఉంది.

బయల్దేరుతూ మెకానిక్ ముందుకు పోబోయాడు. ముందు ఒకడుంటే వెనకవాడికి గాలి అడ్డు బాగా తగ్గుతుంది. మావాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందుకెళ్లొద్దు రా. ఈ కాస్త గాలీ నన్నే తిననీ."

మేమిద్దరం వెనక్కి తగ్గాం. ఇన్నాళ్లూ అంకెల్లో రాసిన గాలి మొదటిసారి నా ముఖానికి తగిలింది. పెదాలు ఎండిపోయాయి, చెవుల్లో హోరు తప్ప ఏమీ వినబడటం లేదు. పది కిలోమీటర్లకే నా తొడలు మండాయి. ముందున్న వీపు మాత్రం ఒకే లయలో కదులుతోంది. కాసేపటికి వాడు తల తిప్పి అరిచాడు.

"ఒరేయ్, ఇవాళ గాలి చెప్పలేదేం?"

"చూడలేదు రా!" అని అరిచాను. పొద్దున లేచాక ఆ సంగతే గుర్తు రాలేదు.

వాడు నవ్వి, హ్యాండిల్ మీద పట్టు మార్చుకున్నాడు.