చీజ్ బీఫ్ ఎంచిలాడాలు: అసలు పని ఓవెన్‌కు ముందే

బీఫ్ ఎంచిలాడాలంటే టోర్టియాలు అనే పలుచని మొక్కజొన్న రొట్టెల్లో బీఫ్ కీమా చుట్టి, మిరప సాస్ పోసి, చీజ్ చల్లి ఓవెన్‌లో పెట్టేవి. అవి బాగా కుదరకపోతే చాలామంది తప్పును చీజ్ మీదికి నెట్టి, ఇంకొంచెం వేసి ఉంటే బాగుండేదనుకుంటారు. నేను దీన్ని ఒప్పుకోను. పైన ఎంత చీజ్ కరిగి పొంగినా, అడుగున టోర్టియా నాని ముద్దయిపోతే ఆ వంటను కాపాడేది ఏదీ ఉండదు. ఓవెన్‌లో పెట్టిన తరువాత మన చేతిలో మిగిలేది చాలా తక్కువ. పొయ్యి మీద సాస్ కాగుతున్నప్పుడూ, టోర్టియాలు నూనెలో పడినప్పుడూ దాని రుచీ ఆకారమూ తేలిపోతాయి.

ఓవెన్‌లో కాల్చడమనేది మెక్సికో అంతటా పాటించే పద్ధతి కాదు. 1831లో మెక్సికో నగరంలో అచ్చయిన వంటల పుస్తకంలోనే ఎంచిలాడాలకు చోటు దక్కింది. ఆ దేశంలో ఈనాటికీ తరచుగా మొక్కజొన్న టోర్టియాను మిరప సాస్‌లో ముంచి, నూనెలో కొద్దిగా వేయించి, కోడిమాంసమో తాజా చీజో లోపల పెట్టి చుట్టి, వేడి తగ్గకముందే వడ్డిస్తారు. బీఫ్ కీమా, దండిగా జీలకర్ర, గోధుమపిండితో చిక్కబరచిన మిరప గ్రేవీ, పైన పసుపుపచ్చని చెడ్డార్ చీజ్ కలిసిన రూపం టెక్సాస్‌లో స్థిరపడింది. ఆ రాష్ట్రంలోని న్యూ బ్రాన్‌ఫెల్స్‌లో విలియం గెబ్‌హార్ట్ అనే జర్మన్ వలసదారు 1890లలో చిల్లీ పౌడర్‌ను తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. అది ఇంట్లో ఉన్నవారికి ఎండుమిరపకాయలను నానబెట్టి నూరవలసిన పని తప్పింది. అందుచేత ఈ వంటను మెక్సికన్ వంటకు నకలని తీసిపారేయడం కన్నా, టెక్సాస్ వారి సొంత వంటగా చూడడమే న్యాయమని నాకనిపిస్తుంది.

సాస్‌కు రెండు దారులున్నాయి. సమయం ఉన్నప్పుడు నేను ఆంచో, గ్వాహీయో అనే రెండు రకాల ఎండుమిరపకాయలను వాడతాను. పండిన పోబ్లానో మిరపను ఎండబెడితే వచ్చేదే ఆంచో. అందులో కారం కన్నా ఎండుద్రాక్షను తలపించే తీపి ఎక్కువ. గ్వాహీయో సన్నగా, నున్నగా ఉండి సాస్‌కు ఎరుపునూ కొద్దిపాటి పులుపునూ ఇస్తుంది. తొడిమలూ గింజలూ తీసేసి, పొడి పెనం మీద ఒక్కో వైపు కొద్ది సెకన్లు మాత్రమే వేడిచేయాలి. వాసన లేవగానే తీసేయాలి, నల్లబడేదాకా ఉంచితే ఆ చేదు చివరిదాకా పోదు. తరువాత వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, వెల్లుల్లి, జీలకర్ర, ఒరెగానో, ఉప్పు చేర్చి మెత్తగా రుబ్బి, జల్లెడ పట్టి, నూనెలో రంగు ముదిరేదాకా మగ్గించి, మాంసం ఉడికించిన రసంతో పలుచన చేసుకోవాలి.

రెండవది టెక్సాస్ దారి. మూడు పెద్ద చెంచాల నూనెలో మూడు పెద్ద చెంచాల గోధుమపిండిని లేత గోధుమరంగు వచ్చేదాకా వేయించి, అంతే చిల్లీ పౌడర్, ఒక చిన్న చెంచా జీలకర్ర పొడి వేసి అర నిమిషం తిప్పి, రెండు కప్పుల బీఫ్ రసాన్ని కొంచెం కొంచెంగా పోస్తూ ఉండలు కట్టకుండా కలపాలి. ఇక్కడొక జాగ్రత్త అవసరం. చిల్లీ పౌడర్ పేరుతో అమెరికాలో అమ్మేది తక్కువ కారమున్న మిరపకాయల పొడికి జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి చేర్చిన మిశ్రమం. దాని స్థానంలో వట్టి కారప్పొడిని అదే కొలతలో వేస్తే ఎవరూ తినలేరు. సాస్‌లో గరిటె ముంచి తీసి, దాని వెనుకవైపు వేలితో గీత గీస్తే ఆ గీత చెరగకుండా నిలవాలి. అంతకన్నా చిక్కబడితే ఓవెన్‌లో గడ్డకడుతుంది, పలుచనైతే టోర్టియాలోకి ఇంకిపోతుంది.

కీమా విషయంలో చెప్పవలసింది కొద్దే. ఐదు వందల గ్రాముల బీఫ్ కీమాను వెడల్పాటి పెనంలో పెద్ద మంట మీద పరచి, నీరంతా ఇగిరిపోయి అడుగు ఎర్రబడేదాకా కదపకుండా ఉంచి, ఆ తరువాత విడగొట్టాలి. తేలిన కొవ్వును వంపేసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, వెల్లుల్లి, జీలకర్ర వేసి మగ్గించి, మూడు నాలుగు చెంచాల సాస్ మాత్రమే కలపాలి. పూర్ణం పొడిగానే ఉండాలి, తడి బయటినుంచి ఎలాగూ వస్తుంది. కీమా లోపలి వేడి 71 డిగ్రీల సెల్సియస్ దాటిందంటే భయం లేకుండా తినవచ్చు.

ఇక టోర్టియాలు. గోధుమపిండివి సాస్‌లో జిగురుగా సాగుతాయి కనుక మొక్కజొన్నవే కావాలి. ఆరంగుళాల వెడల్పున్నవి పన్నెండు సరిపోతాయి. మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించి రుబ్బిన పిండితో చేస్తారు కనుక వాటికి ఆ ప్రత్యేకమైన వాసన ఉంటుంది. చల్లగా చుట్టబోతే పగిలిపోతాయి. అందుకే చిన్న పెనంలో అర సెంటీమీటరు లోతున నూనె కాచి, ఒక్కొక్కదాన్నీ వైపుకు పది సెకన్ల చొప్పున ఉంచాలి. మొదట అంచుల చుట్టూ సన్నని బుడగలు లేస్తాయి, మధ్యలో ఒకటి రెండు చోట్ల ఉబ్బుతుంది, పట్టకారతో పైకెత్తితే తడిగుడ్డలా వాలిపోతుంది. తీయవలసింది అప్పుడే. ఇంకొక్క క్షణం ఆగితే అప్పడమై చుట్టడానికి రాదు. ఆ పలుచని నూనె పొర సాస్‌ను వెంటనే లోపలికి పోనివ్వదు. దీన్ని వదిలేసి, తడిగుడ్డలో చుట్టి మైక్రోవేవ్‌లో వేడిచేయమనే సలహాలు తరచుగా కనిపిస్తాయి. అలా చేస్తే చుట్టడానికైతే మెత్తబడతాయి కాని, ఓవెన్‌లో నానిపోకుండా ఆపేది ఏదీ ఉండదు.

చీజ్ మూడు వందల గ్రాములు చాలు. సగం చెడ్డార్, సగం మాంటెరే జాక్ తీసుకుంటాను. చెడ్డార్ రుచినిస్తుంది కాని ఒంటరిగా కరిగితే నూనె వదులుతుంది, జాక్ సాఫీగా సాగుతుంది. ముక్కను ఇంట్లోనే తురుముకోవాలి, ఎందుకంటే ప్యాకెట్లలో వచ్చే తురుము అంటుకోకుండా ఉండడానికి చల్లిన సెల్యులోజ్ లేదా బంగాళాదుంప పిండి వల్ల అది అంత బాగా కరగదు.

బేకింగ్ పాత్ర అడుగున పలుచగా సాస్ పూసి, ప్రతి టోర్టియాలోనూ కీమా, చిటికెడు చీజ్ పెట్టి చుట్టి, మడత అడుగుకు వచ్చేలా పక్కపక్కనే బిగువుగా అమర్చి, మిగిలిన సాస్‌ను పైన అంచులదాకా పోసి చీజ్ చల్లాలి. అంచులు తడవకపోతే గట్టిపడి నమలడానికి రావు. 190 డిగ్రీల సెల్సియస్ వేడిలో పదిహేను నుంచి ఇరవై నిమిషాలకు పక్కల సాస్ బుడబుడలాడుతుంది. లోపలివన్నీ అప్పటికే ఉడికినవి కనుక అంతకుమించి ఉంచడం టోర్టియాలకు చేటే. బయటికి తీశాక పది నిమిషాలు ముట్టుకోకూడదు. వెంటనే గరిటె పెడితే చుట్టలు విచ్చుకుని పోతాయి. వడ్డించేటప్పుడు పచ్చి ఉల్లిపాయ ముక్కలూ కొత్తిమీరా తప్పక చల్లుతాను, ఇంత కొవ్వుకు ఆ పచ్చిఘాటు కావాలి. పుల్లటి మీగడ మాత్రం ఎవరిష్టం వారిది.

ముందుగా చేసిపెట్టుకోవలసి వస్తే, సాస్‌నూ కీమానూ విడివిడిగా ఫ్రిజ్‌లో రెండు రోజులు నిల్వ ఉంచవచ్చు. చుట్టి సాస్ పోసే పని మాత్రం ఓవెన్ వేడెక్కిన తరువాతే మొదలుపెట్టాలి.