మల్లన్న దారిలో ఐదొందల లైటు

అమ్మకు మోకాలి ఆపరేషన్ మంచిగా జరిగి మళ్ళీ తన కాళ్ళ మీద తాను నడిస్తే, వెంకటాపురం అడవి దారిన నడిచి శ్రీశైలం వస్తానని మొక్కుకున్నాను. ఇప్పుడు అమ్మ కర్ర పట్టకుండా వీధి చివర పాలకేంద్రం దాకా పోయి వస్తోంది. ఈ శివరాత్రికి మల్లన్న అప్పు తీర్చేశాను. అరికాళ్ళ బొబ్బలు ఇంకా ఆరలేదు. ఈలోగానే ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగింది మాత్రం దర్శనం గురించి కాదు, ఫోటోలో నా నడుముకు వేలాడుతున్న లైటు గురించి! ఎంత పెట్టి కొన్నావు, పనిచేసిందా, ఉగాదికి మేమూ పోతాం, కొనమంటావా అని. అందుకే మల్లన్న సంగతీ, లైటు సంగతీ కలిపే చెబుతున్నాను. నా యాత్రలో ఆ రెండూ విడిగా లేవు కూడా.

లైటు ఆన్‌లైన్‌లో ఐదొందల లోపు దొరికింది. తలకు కట్టుకునే రకం, మన రైతులు రాత్రి కరెంటు వచ్చినప్పుడు మడికి నీళ్ళు కట్టడానికి పెట్టుకుంటారే, అలాంటిదే. టీవీ రిమోట్‌లో వేసే సన్న సెల్లు మూడు పడతాయి. సెల్లతో కలిపి తూచినా వంద గ్రాములు లేదు. ఛార్జింగ్ పెట్టేది కూడా దొరుకుతుంది గానీ నల్లమలలో ప్లగ్గు ఎక్కడ వెతుక్కుంటాం? ఇంకో మూడు సెల్లు సంచిలో వేసుకుంటే అది ముప్పై నలభై గ్రాముల బరువు, అంతే.

పెట్టె మీద ల్యూమెన్లు, అంటే వెలుగు కొలిచే అంకె, వేలల్లో రాశారు. దాన్ని నమ్మకండి. మంచి ఎల్‌ఈడీ ఒక వాట్‌కు వంద, నూటయాభై ల్యూమెన్లు ఇస్తుంది. మూడు సన్న సెల్లలో ఉండే శక్తి అంతా కలిపితే నాలుగైదు వాట్-అవర్లు, అంటే ఒక్క వాట్ చొప్పున వాడితే నాలుగైదు గంటలు. వేల ల్యూమెన్లు నిజంగా వస్తే వెంకటాపురం ఊరు దాటేలోపే సెల్లు చల్లబడిపోవాలి. మోడ్‌లు ఐదున్నాయి: ఫుల్లు, డిమ్ము, ఎర్రది, మిణుకు మిణుకుమనేది, చెయ్యి ఊపితే వెలిగేది. ఇంట్లో మేడ మీద అన్నీ వేసి చూసి, డిమ్ము చాలు, తక్కినవన్నీ పెట్టె మీద రాసుకోవడానికే అనుకున్నాను.

ఆత్మకూరు దాకా బస్సు, అక్కడి నుంచి వెంకటాపురం, ఆపైన అడవి. దాదాపు 40 కిలోమీటర్ల నడక. దారి తెలియని వాళ్ళుండరు కాబట్టి మలుపు మలుపూ చెప్పను. మాఘ బహుళ ద్వాదశి, చంద్రుడు తెల్లవారుజామున గాని రాడు. పొద్దు వాలేటప్పటికి నాగలూటి చేరాం. రెడ్డి రాజులు వేయించారని చెప్పుకునే ఆ రాతి మెట్ల దగ్గర నుంచే జనం ఒకరి మీద ఒకరు. మోదుగలు విరగబూసి ఉన్నాయి, చూసేవాడు లేడు. అందరి కళ్ళూ ముందువాడి మడమల మీదే. స్పీకరు భుజాన పెట్టుకుని పాటలు మోగించే కుర్రాళ్ళ గుంపు ఒకటి మా వెనకే తగులుకుంది. అడవిలోకి వచ్చి కూడా డీజేనా అనిపించింది. "చేదుకో మల్లన్నా" అని ఒక్కరు గొంతెత్తితే కొండంతా "ఆదుకో మల్లన్నా" అని పలికే దారి అది. ఆ పాటల హోరులో పక్కనే అన్నది కూడా వినపడలేదు.

వీరభద్రుడి గుడి ముందు చీకటి పడింది. లైటు తలకు కట్టుకుని స్వామికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. లైటు ఆరిపోయింది. మళ్ళీ పెట్టాను, వెలిగింది. పట్టీ సర్దుకునేటప్పుడు పక్కనున్న చిన్న మీట నొక్కుకుపోయి చెయ్యి ఊపే సెన్సార్ పనిచేయడం మొదలుపెట్టిందన్నమాట. దండం పెట్టినా, చెమట తుడుచుకున్నా, దోమను తోలుకున్నా ఆరడం, వెలగడం. ఈ సెన్సార్ తయారుచేసినవాళ్ళు గుడి గుమ్మం తొక్కి ఉండరు. బొబ్బలకని తెచ్చుకున్న ప్లాస్టర్ చిన్న ముక్క కత్తిరించి దాని కంటి మీద అంటించాను. ఆ తర్వాత పేచీ పెట్టలేదు.

నాగలూటి దాటాక అసలు కష్టం తెలిసింది. వేల కాళ్ళు తొక్కిన దారి, ఒకటే దుమ్ము. నుదుటి మీది వెలుగు ఆ దుమ్ము మీద పడి కళ్ళ ముందు తెల్ల తెర కట్టినట్టయింది. ఫుల్లు పెడితే తెర ఇంకా చిక్కబడింది. పురుగులన్నీ ముఖానికే వస్తున్నాయి. అప్పుడే వెనక నుంచి ఒక గొంతు.

"యాడికి సామీ అట్ల ఉరుకుతావు? మల్లయ్య యాడికీ పోడులే."

ఎమ్మిగనూరు వైపు అవ్వ. కాళ్ళకు చెప్పుల్లేవు, నెత్తిన చిన్న మూట, చేతిలో వెదురు కర్ర. లైటు లేదు. ఎవరి లైటు పక్కన ఉంటే వాళ్ళతో నడుస్తానంది. ముందు నడిస్తే నా వెలుగుకు తన నీడే తన కాళ్ళ కింద పడుతుంది, వెనక నడిస్తే నేనే అడ్డం. అందుకే పక్కకు వచ్చింది. నాలుగడుగులు నడిచి నా వైపు చూసి నవ్వింది.

"నెత్తిన పెట్టుకుంటే రాయీ మన్నూ ఒకటే మాదిరి కనపడ్తాయి నాయనా. నడుముకు కట్టుకో. మా ఇంటాయన చేనికి పోతే అట్లే కట్టుకుంటాడు."

నా తుండుగుడ్డను తనే ఆ పట్టీలోంచి దూర్చి నడుముకు ముడివేసింది. అంతే, దారి మారిపోయింది. లైటు కంటి పక్కనే ఉంటే రాయి నీడ రాయి వెనకే దాక్కుంటుంది, అందుకే నేలంతా చదునుగా కనిపిస్తుంది. నడుం ఎత్తు నుంచి పడితే ప్రతి రాయికీ ముందుకు పొడుగు నీడ వస్తుంది, ఎంత ఎత్తు అడుగు వేయాలో కాలికే తెలుస్తుంది. దుమ్ము తెర కూడా కళ్ళ కిందికి దిగిపోయింది. డిమ్ము సరిపోయింది. ఎదురుగా వచ్చేవాళ్ళ కళ్ళల్లో పడట్లేదు. తలకెక్కించుకున్న చాలామంది మాట్లాడటానికి ముఖం తిప్పితే చాలు, అవతలివాడికి కాసేపు ఏమీ కనపడదు. దాంతో రాతి మెట్ల మీద ఎంతమంది తడబడ్డారో.

ఈ లైటులో నాసిరకం అంటే ఆ మడత. పైకీ కిందికీ వంచడానికి ఉండే కీలు వదులు. మెట్టు దిగిన ప్రతిసారీ తల వాల్చేసి నా కాలి బొటనవేలికి మాత్రమే వెలుగు చూపేది. అన్నదానంలో ఇచ్చిన విస్తరి అంచు చింపి, మడిచి ఆ కీలులో దోపాను. శ్రీశైలం దాకా కదల్లేదు.

పెచ్చెరువు దగ్గర పడుకున్నాం. అక్కడ ఎర్ర లైటు విలువ తెలిసింది. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. తెల్ల వెలుగు ఒక్కసారి కొడితే అదంతా పోతుంది. రాత్రి చూపుకు పనికొచ్చే కంటి కణాలను మసక ఎరుపు పెద్దగా తాకదు. వరసగా పడుకున్న వాళ్ళ మధ్య నుంచి ఎవరి కాలూ తొక్కకుండా నీళ్ళ ట్యాంకు దాకా పోయి రాగలిగాను, ఒక్కరూ కసురుకోలేదు. మిగతావాళ్ళలో ఆ బుద్ధి ఉంటే బాగుండేది. ఎవరో ఒకరు లేవడం, వంద మంది ముఖాల మీద ఫోన్ లైటు తిప్పడం, "మా సంచి ఏదిరా?" అని అరవడం. అది అడవి అనీ, పులుల అభయారణ్యమనీ ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ప్లాస్టిక్ వద్దని అడుగడుగునా చెబుతుంటే, నీళ్ళ ప్యాకెట్ల తొక్కలు ఆకుల కన్నా ఎక్కువ పడి ఉన్నాయి.

తెల్లవారక ముందే భీముని కొలను లోయలోకి దిగడం మొదలుపెట్టాం. పైనుంచి చూస్తే దీపాల వరస కిందికి జారుతూ, లోయ అడుగున మలుపు తిరిగి, ఎదుటి కొండ మీద మళ్ళీ పైకి పాకుతోంది. దిగేటప్పుడు నడుస్తున్నది మన కాళ్ళు కావేమో అన్నట్టు వణుకుతాయి. సగం మెట్లు దిగానో లేదో కుడి పిక్క పట్టేసింది. అక్కడే కూలబడ్డాను. లేవలేను, జరగలేను. ఇరుకు మెట్లు, వెనక జనం. "నడవండి సామీ, నడవండి", "పక్కకు జరుగు సామీ" అని ఒకటే తోపులాట. ఒకాయన నా భుజం మీద నుంచే దాటిపోయాడు. శివదీక్షలో ఉన్న స్వామే, ఏమనగలం!

అవ్వ అప్పటికి పది మెట్లు కిందికి దిగింది. వెనక్కి ఎక్కి వచ్చింది. ఆ వయసులో, చెప్పుల్లేని కాళ్ళతో, ఎదురు జనంలోంచి. ముందు నా నడుం లైటు విప్పుకుంది. మీట ఒకసారి నొక్కింది, ఫుల్లు. "ఊహూఁ" అంది. మళ్ళీ నొక్కింది, ఎర్రది. మళ్ళీ నొక్కితే మిణుకు మొదలైంది. "ఇది బాగుండాది, ఇట్లే ఉండనీ" అని నా పై మెట్టు మీద దాన్ని జనం వైపు తిప్పి పెట్టింది. పైనుంచి దిగేవాళ్ళు దూరం నుంచే ఏదో ఉందని తెలుసుకుని, రెండు పాయలుగా చీలి మమ్మల్ని దాటిపోయారు. ఇంట్లో నేను దేనికీ పనికిరాదని తేల్చిన మోడ్ అది.

తర్వాత కొంగు ముడి విప్పింది. అందులో బెల్లం ముక్క, కాస్త రాళ్ళ ఉప్పు. రెండూ కలిపి నోట్లో వేసి నీళ్ళు తాగించింది. నా కాలు తన ఒడిలో పెట్టుకుని బొటనవేలు వెనక్కి వంచి పట్టుకుని, ఇంకో చేత్తో పిక్క మీద మెల్లగా పైనుంచి కిందికి రాసింది. వద్దవ్వా, నా కాలు నువ్వు ముట్టుకోవడమేంటి అంటే వినలేదు. "మాల వేసుకున్న కాలు గదా సామీ" అంది. నాకు మాట రాలేదు. అమ్మ ఆపరేషన్ అయిన కొత్తలో నేను అమ్మ కాలికి ఇలాగే నూనె రాసేవాణ్ణి. ఎందుకు నడుస్తున్నావవ్వా అని అడిగితే, మనవడికి ఉద్యోగం రావాలని మొక్కుకున్నానంది. వచ్చిందా అన్నాను. "రాలే. మల్లయ్యకు జ్ఞాపకం చేద్దామని పోతాండా" అంది.

కైలాస ద్వారం ఎక్కేసరికి బాగా తెల్లవారింది. అక్కడి రద్దీలో అవ్వ తప్పిపోయింది. ఎంత వెతికినా కనపడలేదు, పేరు కూడా అడగలేదు.

క్షేత్రం గురించి ఏం చెప్పను? క్యూలో గంటలు లెక్కపెట్టడం మానేశాను. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు ఆ కంపార్ట్‌మెంట్లలో ఊపిరాడక అల్లాడుతుంటే, పక్క దారిలో వీఐపీలు నలగని పంచెలతో వెళ్ళిపోతున్నారు. కోపం వచ్చింది. ఆ కోపంతోనే లోపలికి తోయబడ్డాను. శివరాత్రి రోజుల్లో అలంకార దర్శనమే కదా, దూరం నుంచి. రెండు భుజాల సందులోంచి, దీపపు వెలుగులో, మారేడు దళాల కింద మల్లన్న. అంత చిన్న లింగం. అమ్మ పేరు చెప్పాను, అవ్వ మనవడి సంగతి కూడా చెప్పాను, అంతలో "పదండి, పదండి" అని వీపు మీద చెయ్యి. అరక్షణం ఉంటుందేమో. కోపం ఎక్కడ పోయిందో బయటికి వచ్చాక వెతుక్కోవాలి.

శివరాత్రి రాత్రి గుడికి పాగా చుట్టే పాగాలంకరణకు ముందే లైటు మూత తీసి ఒక సెల్లు తిరగేసి పెట్టాను. దీని మీటకు ఒక రోగముంది: ఆర్పాలంటే ఫుల్లు, ఎరుపు, మిణుకు అన్నీ దాటి రావాలి. సంచిలో నొక్కుకుపోయినా వెలుగుతుంది. పాగా వేళ అలాంటిది కుదరదు. ఏడాది పొడుగునా రోజుకో మూర చొప్పున నేసిన ఆ వస్త్రాన్ని నేతన్న దిగంబరుడై విమాన శిఖరం నుంచి ముఖమండపం మీది నందుల దాకా చుడతాడు. అంతసేపూ గుడి దీపాలన్నీ ఆర్పేస్తారు. ఎవరూ చూడకూడదనే గదా ఆ చీకటి! అయినా నలుగురైదుగురు ఫోన్లు పైకెత్తారు. చుట్టూ ఉన్నవాళ్ళు తిట్టి దింపించారు. ఒకడైతే వీడియో రావట్లేదని గొణుక్కున్నాడు. మళ్ళీ దీపాలు వెలిగేసరికి తెల్లటి పాగా చుట్టుకుని పెళ్ళికొడుకు సిద్ధంగా ఉన్నాడు. ఆ కేక, ఆ "హరహర మహాదేవ" నేను రాయలేను.

ఇక అడిగినవాళ్ళకు జవాబు. కొనండి, ఇంతకన్నా ఖరీదుది అక్కర్లేదు. ల్యూమెన్ల అంకె చూడొద్దు. డిమ్ము ఉందా, ఎరుపు ఉందా, కీలు గట్టిగా నిలబడుతుందా చూడండి. వీలైతే ఒక్క నొక్కుకే ఆరేది తీసుకోండి. చీకట్లో నడిచినంతసేపూ ఎక్కువగా డిమ్ములోనే పెట్టాను, మొదటి మూడు సెల్లే సరిపోయాయి. మంచుకు తడిసినా ఏమీ కాలేదు, వానలో మాత్రం చూడలేదు. అయిపోయిన సెల్లు అడవిలో పారేయకుండా వెనక్కి తెచ్చుకోండి.

పక్కింటి శీనుగాడు అప్పుడే వచ్చి అడిగాడు, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం పోతాడట, ఆ లోయ దిగడానికి కావాలన్నాడు. నడుముకు ఎలా కట్టుకోవాలో చూపించి ఇచ్చాను. సెన్సార్ మీద ప్లాస్టర్ మాత్రం పీకొద్దన్నాను. సెల్లు వాణ్ణే కొనుక్కోమన్నాను.