సీరియస్ అయ్యాడా, సీరియస్‌గా ఉందా

ఇవాళ పెద్దగా ఏం జరగలేదు, అమ్మకి చెకప్, నాకు కళ్ళజోడు, సాయంత్రం ఒక ఫోను, అంతే. కానీ రోజంతా చెవిలో పడ్డ ఇంగ్లీషు ముక్కలు బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి, రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

పొద్దున్నే పిన్ని ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టి వంకాయలు కోస్తోంది అమ్మ. "అక్కా, మీ మరిదిగారు పొద్దుట్నుంచి సీరియస్" అంది పిన్ని. అమ్మ కత్తిపీట పక్కకి తోసేసి "అయ్యో రామా, ఏ హాస్పిటల్లో పెట్టారే" అని లేచి నిలబడింది. "హాస్పిటలేంటక్కా, పెన్షన్ కాగితాలు కనబడట్లేదని నామీద సీరియస్ అయ్యారు, టిఫిన్ కూడా తినలా" అని అటునుంచి. ఇంక అమ్మ తిట్టిన తిట్లు రాయను. మన పేపర్లలో "అధికారులపై కలెక్టర్ సీరియస్" అని హెడ్డింగ్ పెడితే ఎవ్వరం కలెక్టర్ ఆరోగ్యం గురించి కంగారుపడం కదా, అదే ఇంట్లోవాళ్ళ పేరు పక్కన ఆ మాట వచ్చిందంటే చాలు ముందు ఐసీయూనే గుర్తొస్తుంది.

పదింటికి క్లినిక్‌కి వెళ్ళాం. టోకెన్ తీసుకుని కూర్చుంటే ఇంక గంట వరకూ పిలవరు, కాబట్టి పక్కవాళ్ళ కబుర్లే కాలక్షేపం. పక్క బెంచీలో ఒక పెద్దావిడ, కడుపుతో ఉన్న కోడలు. అమ్మ అడక్కుండా ఉంటుందా, "డేట్ ఎప్పుడిచ్చారమ్మా" అంది. వచ్చే నెలాఖరట. ఆవిడ మొదలుపెట్టింది, మా పెద్దమ్మాయికి రెండు డెలివరీలూ నార్మలేనండీ, రెండోదాంతోపాటే ఆపరేషన్ కూడా చేయించేశాం అని. ఏ ఆపరేషన్ అని అమ్మ అడగలేదు, నేనూ అడగలేదు. అపెండిక్స్ తీసినా ఆపరేషనే, మోకాలు మార్చినా ఆపరేషనే, కానీ ఇద్దరు పిల్లలు పుట్టాక ఆడమనిషి పేరు పక్కన ఉత్తిగా ఆపరేషన్ అంటే అది కుటుంబ నియంత్రణే. ఇంగ్లీషువాడికి ఇదే ముక్క చెప్పాలంటే ఎంత చెప్పాలో, మనవాళ్ళు చెప్పకుండానే చెప్పేశారు. ఈలోపు గుమ్మం దగ్గర ఎవరో కుర్రాడు "మేడం, డెలివరీ!" అని గట్టిగా అరిచాడు, పెద్దావిడ ఉలిక్కిపడి అటు చూసింది, తీరా చూస్తే రిసెప్షన్ అమ్మాయికి బిర్యానీ పార్సిల్ :) కోడలు మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది.

లోపల డాక్టరుగారు, "మోషన్ ఎలా అవుతోందమ్మా", "ఫ్రీగానే అవుతోందండీ", "గ్యాస్ ఉందా", "గ్యాస్ ఎక్కువేనండీ, పట్టేస్తోంది". షుగర్ నూట నలభై, బీపీ పర్లేదన్నారు. బయటికొచ్చాక గ్యాస్ బుక్ చేశావా అని నన్ను అడిగింది అమ్మ, అది సిలిండరు. ఇంక కాలేజీలో మా బ్యాచ్‌లో ఒకడుండేవాడు, వాడు కొట్టే గ్యాస్‌కి మాత్రలూ లేవు, రెగ్యులేటరూ లేదు.

అక్కణ్ణుంచి కళ్ళజోళ్ళ షాపు. పవర్ మారింది, రెండు కళ్ళకీ మైనస్ పావు చొప్పున. "సైట్ పెరిగిందండీ" అన్నాడు షాపతను. సరిగ్గా అప్పుడే మా ఫ్రెండ్ ఫోను, "సైట్ చూశావా లేదా, రెండొందల గజాలు, ఈస్ట్ ఫేసింగ్" అని. కొత్త అద్దాలు వచ్చేవరకు ఆగమన్నా. ఇంగ్లీషులో ఈ రెండిటికీ స్పెల్లింగ్ వేరు, తెలుగులో రాసేసరికి రెండూ ఒకటే సైట్ అయి కూర్చున్నాయి, అయినా ఎవరికీ తికమక లేదు. వాడికి సైట్ ఉంది, వాడు సైట్ కొన్నాడు, వాడు సైట్ కొడుతున్నాడు. ముగ్గురూ వేరే వేరే మనుషులని వినగానే తెలిసిపోతుంది. మొత్తం కిటుకు క్రియలో ఉంది, నేను గమనించింది అదే. పేరు వాళ్ళది తెచ్చుకుని క్రియ మనది తగిలిస్తాం, అర్థం ఏంటనేది ఆ క్రియే తేలుస్తుంది. క్లాస్ వినడం, క్లాస్ పీకడం. కటింగ్ చేయించుకోవడం, కటింగ్ ఇవ్వడం. లైన్ వేయడం, లైన్ కలవకపోవడం. ఇక హ్యాండ్ ఇవ్వడం అయితే మరీ అన్యాయం, వాళ్ళ భాషలో చెయ్యి ఇస్తే సాయం, మన దగ్గర హ్యాండిచ్చాడంటే నట్టేట ముంచాడని. ఆఫీసు కాల్‌లో క్లయింటు కొంచెం హ్యాండ్ ఇవ్వమని అడిగినప్పుడల్లా మా టీమ్‌లో తెలుగువాళ్ళం మ్యూట్ పెట్టుకుంటాం.

ఇదంతా భాషని పాడుచేయడం అని బాధపడేవాళ్ళున్నారు, నాకు మాత్రం అలా అనిపించదు. బ్రౌన్ దొర 1854లోనే తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకి విడిగా ఒక నిఘంటువు వేశాడు, అంటే ఈ కలగాపులగం మన తరంతో మొదలైంది కాదు. ఆయన ఇప్పుడొచ్చి క్వార్టర్ అన్న మాట దగ్గర ఏం రాసుకుంటాడో చూడాలని ఉంది. మా నాన్న ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మేం క్వార్టర్స్‌లోనే పెరిగాం, బంధువుల్లో ఒకాయన ప్రతి పెళ్ళిలోనూ దానిమీద అదే జోకు వేసేవాడు. ఆ క్వార్టర్ 180 ఎమ్మెల్, ఫుల్ బాటిల్ 750, నాలుగు క్వార్టర్లు కలిపినా 720కే ఆగిపోతాయి, మిగతా ముప్పై ఏమైందని ఆయన నిజంగానే బాధపడేవాడు.

సాయంత్రం అత్త ఫోను, వాళ్ళ అబ్బాయికి సంబంధం సెట్ అయిందట. సెట్ అంటే గుర్తొచ్చింది, ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీ 1989 ఎడిషన్లో ఒక్క సెట్ అనే క్రియకే 430 అర్థాలిచ్చారు. అందులో సెట్ దోశ ఉండి ఉండదు. సినిమావాళ్ళు ఊరవతల కోట్లు పోసి వేసే సెట్, పని కావడానికి ఆఫీసులో ముందే మాట్లాడుకునే సెట్టింగు, ఫోన్‌లో సెట్టింగ్స్, ఇవన్నీ ఒక ఎత్తు. ఎంసెట్‌లో సెట్ అయితే అసలు ఆ మాటే కాదు, ఎంట్రన్స్ టెస్టు పొట్టి పేరు, అయినా మా అత్త "వాడికి ఎంసెట్ సెట్ అవ్వలేదు గానీ పెళ్ళి సెట్ అయింది" అని ఒక్క ఊపులో అనేసింది. ఆ పరీక్షకి ఆంధ్రాలో 2021లో, తెలంగాణలో 2024లో పేరు మార్చి ఈఏపీసెట్ చేశారు, ఎవరంటున్నారు, అందరికీ ఇంకా ఎంసెట్టే.

హాల్లో ఫ్యాన్ నిన్నట్నుంచి మూలుగుతోంది, తిరగట్లేదు. కెపాసిటర్ పోయింది, ఏడింటికల్లా వచ్చి వేస్తానన్న ఎలక్ట్రీషియన్ ఎనిమిదింటికి ఫోన్ చేస్తే "లైన్ మీదున్నా అన్నా" అన్నాడు, ఏ లైనో అడిగేలోపు పెట్టేశాడు. తొమ్మిదైంది, హ్యాండిచ్చినట్టే. రేపు నేనే వెళ్ళి రెండున్నర మైక్రోఫారడ్‌ది ఒకటి తెచ్చుకుని, మెయిన్ ఆఫ్ చేసి వేసుకుంటా, వంద రూపాయలు కూడా ఉండదు.