డాన్సు నేర్పినందుకు జీతమిస్తరా?

ఊరికి వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడిగే మాట ఇది. అందులో వెటకారమేమీ ఉండదు. దేవరకొండ వైపు మా ఊళ్లో లండన్ పోయారంటే కంప్యూటర్ ఉద్యోగం, కాదంటే ఆస్పత్రిలో నర్సు. నేనుండేది లండన్ కాదు, ఇంగ్లండ్‌లోనే లెస్టర్ అనే ఇంకో ఊరు అంటే ఎవరూ పట్టించుకోరు. పిల్లలతో నాటకాలాడించి, ఎగిరించి, గంటకింత అని డబ్బులు తీసుకునే పని ఒకటుందని మా చిన్నమ్మకు ఇప్పటికీ పూర్తిగా నమ్మకం కుదరలేదు.

ఇస్తారు. గంటల లెక్కన ఇస్తారు. నెలాఖరుకు ఇన్‌వాయిస్ పంపితే మరో నెలకు బ్యాంకులో పడుతుంది. ఒక సంస్థ మాత్రం ఎండాకాలం క్యాంపు డబ్బులు దీపావళికి ఇచ్చింది. ఎప్పుడు ఫోన్ చేసినా అకౌంట్స్ ఆమె సెలవులో ఉండేది. నాకు మాత్రం సెలవుండదు, పీఎఫ్ ఉండదు, ఒంట్లో బాగాలేకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. పాలమూరు నుంచి మేస్త్రీ వెంట పనికి పోయేవాళ్లకు ఈ లెక్క నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

మా ఆయన ఉద్యోగ వీసా మీద డిపెండెంట్‌గా వెళ్లాను. హైదరాబాద్‌లో తెలుగు విశ్వవిద్యాలయంలో (ఇప్పుడు దానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు, మన పాలమూరు ఆయనే) రంగస్థల కళలు చదివిన కాగితాన్ని అక్కడ ఎవరూ చూడనే లేదు. ముందు అడిగింది డీబీఎస్. పిల్లలతో పనిచేయబోయే మనిషి మీద పాత నేరాలేమైనా ఉన్నాయా అని చూసి ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్ అది. నేను పెరిగింది ఇండియాలో కాబట్టి ఇక్కడి పోలీస్ క్లియరెన్స్ కూడా తెమ్మన్నారు. దానికోసం కానిస్టేబుల్ మా ఇంటికొస్తే అమ్మ బెంగపెట్టుకుని ఫోన్ చేసింది. "ఏం జేసినవే బిడ్డా ఆడ?" ఇంటి ముందు బండి ఆగిందని వాడకట్టంతా వచ్చి చూసి పోయారట.

అక్కడి తెలుగువాళ్లలో కూచిపూడి, సంగీతం క్లాసులు చెప్పేవాళ్లున్నారు. ఫీజు కట్టగలిగినవాళ్ల పిల్లలు శనివారాలు వాటికి పోతారు. నా దగ్గరకొచ్చేది వాళ్లు కాదు. ఇంగ్లండ్‌లో ఆదాయం తక్కువున్న ఇళ్ల పిల్లలకు బడిలో భోజనం ఉచితం. సెలవులొస్తే ఆ పూట ఎట్లా? దానికోసం హాలిడే యాక్టివిటీస్ అండ్ ఫుడ్ అనే పథకం 2021లో దేశమంతా మొదలైంది. వేసవిలో 4 వారాలు, ఈస్టర్‌కు ఒక వారం, క్రిస్మస్‌కు ఒక వారం. వారానికి 4 రోజులు, రోజుకు కనీసం 4 గంటలు ఆటపాటలు, ఒక పూట భోజనం. నేను చేసేది ఇట్లాంటి క్యాంపుల్లోనే. పిల్లలు నాటకం కోసం వస్తున్నారా, పాస్తా కోసమా అని నేనెప్పుడూ అడగను. రావాలి, రేపు కూడా రావాలి. నాకిచ్చే డబ్బులు దానికే.

సేఫ్‌గార్డింగ్, అంటే పిల్లలకు హాని జరగకుండా కాపాడడం మీద ఇచ్చే ట్రైనింగ్‌లో చెప్పినవి నాటకం పాఠాల కంటే ఎక్కువ పనికొచ్చాయి. పిల్ల ఏదైనా చెప్పుకుంటే "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకూడదు. మనకు తోచిన జవాబు వచ్చేట్టు ప్రశ్నలు అడగకూడదు. పిల్ల అన్న మాటల్ని అన్నట్టుగానే రాసి, ఆ రోజే సేఫ్‌గార్డింగ్ చూసే మనిషికి అప్పగించాలి.

ఒకసారి రాత్రి భోజనం సీను ఆడమన్నాను. ఇల్లు మీది, మనుషులు మీ ఇష్టం, మాటలు మీ ఇష్టం. ఒక పదకొండేళ్ల అమ్మాయి నేల మీద మూడు ఉత్తుత్తి కంచాలు పెట్టింది. తమ్ముడికి, చెల్లెకు, అమ్మకు వడ్డించింది. "మరి నువ్వు?" అని అమ్మ వేషం వేసిన పిల్ల అడిగింది. "నేను బళ్లో తిన్నా" అంది. అంతలోనే బడికి సెలవులని గుర్తొచ్చినట్టుంది, "కాదు, ఫ్రెండ్ వాళ్లింట్లో తిన్నా" అని మార్చేసింది. సీను బాగుందని అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టి, సాయంత్రం ఆ రెండు జవాబులూ ఉన్నదున్నట్టు రాసిచ్చాను. తర్వాత ఏం జరిగిందో నాకు చెప్పరు, చెప్పకపోవడమే పద్ధతి. అమ్మాయి మర్నాడు వచ్చింది, ఆ తర్వాత కూడా వచ్చింది.

అడుగు తప్పితే మనం కాలు పట్టి సరిచేస్తాం. అక్కడ ముందు అడగాలి: "నీ మోచెయ్యి కొంచెం పైకి లేపనా?" పిల్ల వద్దంటే పక్కన నిలబడి చేసి చూపించాలి. మొదట్లో ఇది నాకు చాదస్తంగా కనబడింది. వద్దనే హక్కుందని తెలిసిన పిల్లలు ఒంటిని బిగబట్టుకోరన్న సంగతి మెల్లగా గమనించాను. మా చిన్నప్పుడు కోలాటం నేర్పిన పంతులు తప్పటడుగు వేసినోళ్ల పిక్క మీద కోలతో ఒకటి అంటించేవాడు. ఆయనంటే ఇప్పటికీ గౌరవమే, ఆ పద్ధతి మీద మాత్రం లేదు.

కోలాటం అక్కడికి తీసుకుపోయింది కూడా నేనే. ఏ పిల్లకూ వెనక వరస ఉండదు కాబట్టి. స్టేజీ డాన్సులో బాగా చేసేవాళ్లు ముందుంటారు, సిగ్గరులు వెనక గోడకు ఆనుకుంటారు. కోలాటం గుండ్రంగా తిరుగుతుంది, ఇప్పుడు ముందున్నోళ్లు కాసేపటికి వెనకుంటారు. జోడీ రాకపోతే కోల గాలిలో తిరుగుతుంది, అందుకని పిల్లలే ఒకరినొకరు రమ్మని పిలుచుకుంటారు. హాజరు బాధ సగం తీరింది. లెస్టర్‌లో గుజరాతీలు చాలామంది. వాళ్ల పిల్లలు "ఇది మా దాండియానే కదా" అని మొదటి రోజే తేల్చేసి, మిగతావాళ్లకు నేర్పడం మొదలుపెట్టారు. సోమాలీ పిల్లాడికి గుజరాతీ పిల్ల నల్గొండ అడుగు నేర్పుతుంటే నేను పక్కకు జరిగి చూస్తూ నిలబడ్డాను.

అయితే కట్టెలకు పర్మిషన్ రావడం అంత తేలిక కాలేదు. రిస్క్ అసెస్‌మెంట్ ఫారంలో ప్రమాదం ఏది, ఎవరికి, దాన్ని తగ్గించడానికి ఏం చేస్తావు అని మూడు గడులు. "కోల వేళ్లకు తగలొచ్చు" అని రాస్తే హాలు మేనేజర్ ఆ కాగితం పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. చివరికి చిన్నవాళ్లకు పాత న్యూస్‌పేపర్లు చుట్టి టేపు వేసిన కోలలు, పెద్దవాళ్లకు కట్టెవి అని ఒప్పందం కుదిరింది. కాగితం కోలకు చప్పుడు రాదు. చప్పుడు నోటితో చేయమన్నాను, అదే వాళ్లకు ఎక్కువ నచ్చింది.

పెద్ద పిల్లలతో ఫోరం థియేటర్ చేస్తాను. బ్రెజిల్‌కు చెందిన ఆగస్టో బోల్ రూపొందించిన పద్ధతి ఇది. అన్యాయం జరిగే సీను ఒకటి ఆడి, మళ్లీ మొదటి నుంచి ఆడతారు. ఈసారి చూసేవాళ్లలో ఎవరైనా "ఆపండి" అని లేచి, బాధపడే పాత్ర స్థానంలోకి వచ్చి తమకు తోచింది చేసి చూపించొచ్చు. బస్‌స్టాప్‌లో ఏడిపించే సీనుకు కుర్రాళ్లు పోటీలు పడి లేస్తారు. అదే క్యాంపు చివర్లో తల్లిదండ్రుల ముందు ప్రదర్శన అంటే మాత్రం హాలు పరీక్ష రాస్తున్నట్టు ఉంటుంది. మా ఊళ్లో చిరుతల రామాయణం అట్లా చూసినవాళ్లు లేరు. బిళ్లల చిరుతలు వాయిస్తూ రాముడు, లక్ష్మణుడు చుట్టూ తిరిగి ఆడుతుంటే మధ్యలో చదివింపులు వచ్చేవి. ఫలానా ఆయన యాభై రూపాయలు చదివించాడని ఆట ఆపి చెప్పేవాళ్లు, హార్మోనియం ఒకసారి గట్టిగా మోగేది. లక్ష్మణుడు మా పెద్దనాయన. ఇంటికొచ్చాక పాట గురించి మాట్లాడేవాడు కాదు, ఎవరెంత చదివించారో చెప్పేవాడు. లెస్టర్‌లో డబ్బుల్లేకుండా అదే పెట్టాను. తల్లిదండ్రులు చీటీ మీద ఒక వాక్యం రాసిస్తే, ఆట ఆపి నేను గట్టిగా చదువుతాను. "ఆమిర్ ఈ రోజు భయపడలేదు, వాళ్ల నానమ్మ." అట్లాంటివి.

అక్కడ పిల్లలు స్టేజీ ఎక్కడానికి కూడా చట్టముంది. ఆరు నెలల్లో నాలుగు రోజులకు మించి ప్రదర్శన అయితే మామూలుగా స్థానిక కౌన్సిల్ లైసెన్సు కావాలి. లైసెన్సు మీద ఆడే పిల్లల్ని చూసుకునే చాపరాన్, అంటే కనిపెట్టుకుని ఉండే పెద్దమనిషి, పన్నెండు మందికి మించి చూసుకోకూడదు.

ఈ ఎండాకాలం ఊళ్లో ఉన్నన్ని రోజులు బడి ఆవరణలో క్యాంపు పెట్టాను. పగలు నిప్పుల కొలిమి, అందుకే సాయంత్రం ఆరు దాటాక. పక్క తండా పిల్లలు కూడా వచ్చారు. అలవాటు కొద్దీ తల్లులతో ఒప్పుకోలు కాగితం మీద సంతకాలు పెట్టించబోతే ఒకామె నవ్వింది. "సంతకమెందుకక్కా, పొలం రాయించుకుంటున్నవా?" అయినా పెట్టించాను. ఆడపిల్లలు చీకటి పడ్డాక ఇంటికి ఎవరితో పోతారో ఆ కాగితంలోనే రాయించాను. ఆ గడి నింపేటప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

చిరుతల రామాయణంలో ఒక ముక్క ఆడిద్దామనుకున్నాం. అప్పట్లో సీత వేషం కూడా మగవాళ్లదే. ఇప్పుడు ఆడపిల్లలే ఎక్కువ, వాళ్లలో సీత ఎవరికీ వద్దు. రావణుడి వేషం కోసం ఇద్దరు కొట్టుకున్నారు. ఒకమ్మాయి తండా నుంచి, ఒకమ్మాయి మా వాడకట్టు నుంచి. సగం సగం ఆడమంటే ఇద్దరూ అలిగారు. మా కోలాటం పంతులు ఇప్పుడు బాగా పెద్దవాడయ్యాడు, అరుగు మీద కూర్చుని అంతా చూస్తున్నాడు. కాగితం కోలల్ని చూసి మొదటి రోజే మొహం చిట్లించిన మనిషి. "ఇద్దరేందే, వానికి పది తలకాయలున్నయి గద. పది మందిని నిలబెట్టు" అన్నాడు.

అట్లాగే నిలబెట్టాం. చిన్నవాళ్లు ముందు కూర్చున్నారు, పెద్దవాళ్లు వెనక నిలబడ్డారు, ఇరవై చేతులు ఎటుపడితే అటు ఊగాయి, మాట ఒక్కో తల ఒక్కో ముక్క అందుకుంది. లెస్టర్‌లో కూడా ఇదే చేయించాలని ఉంది. పది మందే కాబట్టి రావణుడికి ఒక్క చాపరాన్ సరిపోతాడు.