బెరడు లేని థునేర్

"ఆనుకోకండి సార్, దాని చర్మం ఇదివరకే ఒలిచేశారు" అని గైడ్ హిందీలో హెచ్చరించాక గానీ, ఉత్తరాఖండ్‌లోని చోప్తా అడవిలో ఈ ఉదయం నేను వీపు ఆనించబోయిన థునేర్ (హిమాలయన్ యూ) చెట్టుకు నడుము ఎత్తు దాకా బెరడు లేదని గమనించలేదు.

బెరడు క్యాన్సర్ మందు పాక్లిటాక్సెల్ తయారీకి పనికొస్తుందనే దీనికి ఈ గతి. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ ఉన్నా, ఇప్పటికీ ఇది అంతరించే ముప్పున్న జాతే.

ఓక్, రోడోడెండ్రాన్ చెట్ల కింది చల్లని నీడ, తడి నేల దీని చోటు. పైనున్న ఆ గొడుగును నరికితే పిల్ల మొక్కలు ఎండిపోతాయి; ఆడ, మగ చెట్లు వేర్వేరు కనుక మధ్యలో కొన్ని పోయినా పుప్పొడి అందక గింజ పట్టడం కష్టమవుతుంది. గింజ చుట్టూ ఉండే ఎర్రని గుజ్జు కోసం వచ్చే పిట్టలే దీన్ని అడవిలో చల్లుతాయి.

వంగి వెతికితే, ఆ చెట్టు కింద రెండు వేళ్ల ఎత్తు మొలక ఒక్కటే కనిపించింది.