డిశ్చార్జి తర్వాతి సాయంత్రాలు

తాగుడు మానడానికి ఆసుపత్రిలో చేరాను. ఒంట్లోంచి సారా దింపే పని అక్కడ లిబ్రియం మాత్రలూ, బి1 విటమిన్ ఇంజెక్షన్లూ చేశాయి. ఇంటికొచ్చాక సాయంత్రం ఆరింటికి ఏం చెయ్యాలో మాత్రం ఏ చీటీలోనూ రాసి లేదు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాని నేను. ఆ వేళకి కాటాలు ముగుస్తాయి, పద్దులు మూసేస్తాం, నలుగురం కలిసి బయటికి నడుస్తాం. ఆ నడక ఎటో ఇన్నేళ్ళుగా నా కాళ్ళకి తెలుసు.

జబ్బు ముదిరిందని తెలిసింది అయ్యప్ప మాల వేసుకున్న ఏడాది. అంతకుముందు దీక్ష తీసుకుంటే 41 రోజులూ చుక్క ముట్టకుండా గడిచిపోయేవి. మాల తీసిన రాత్రి మళ్ళీ మొదలు. మా వైపు ఇలా బతికే ఇళ్ళు చాలా ఉన్నాయి, ఆడవాళ్ళు ఆ మండలం రోజుల కోసమే ఏడాదంతా కాచుకుని ఉంటారు. ఆ ఏడు మాత్రం రెండో రాత్రికే చేతులు వణికాయి, ఒళ్ళంతా చెమటలు, గోడ మీద లేని చీమల బారులు కనిపించాయి. స్వామికి కోపం వచ్చిందని మా ఆవిడ ఏడ్చింది. ఫిట్స్ వచ్చాక మా బావమరిది నన్ను ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు.

"ఏళ్ళ తరబడి రోజూ మందు పడితే మెదడు దానికి తగ్గట్టు సర్దుకుంటుందమ్మా. ఒక్కసారిగా ఆపితే తట్టుకోలేదు. ఫిట్స్ రావచ్చు, మతి తప్పొచ్చు, ప్రాణమే పోవచ్చు. మానాల్సిందే, కానీ మా కళ్ళెదుట మానాలి" అని డాక్టరు గారు మా ఆవిడకి ఓపిగ్గా చెప్పారు. కూరలో తెలియకుండా కలిపే పొడి ఏదో ఉందటగా అని ఆవిడ అడిగేసరికి ఆయన గొంతు పెరిగింది. అలాంటి వాటిలో డైసల్ఫిరామ్ ఉండొచ్చట. ఆ సంగతి తెలియని మనిషి దాని మీద తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. రోగి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూస్తుండగా వేసుకోవాల్సిన మాత్ర అది. ఇది ప్రతి ఇంట్లోనూ తెలియాలి.

ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) అని, తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే సంఘం సంగతి చెప్పింది ఆసుపత్రిలో పక్క మంచం ఆయన. ఆయన దగ్గరున్న నంబరుకి ఫోన్ చేస్తే అవతలి మనిషి ఊరూ పేరూ అడగలేదు. "మానాలనుందా?" అన్నాడు. ఉందన్నాను. "చాలు, రండి." నిజంగానే ఇక వేరే అర్హత లేదు. ఫీజు లేదు, రిజిస్టరు లేదు. టీకీ గది అద్దెకీ సంచీ తిరుగుతుంది, ఇవ్వగలిగినవాళ్ళు వేస్తారు. బయటివాళ్ళ విరాళాలు తీసుకోరు.

గుంటూరులోనే మీటింగ్ ఉందన్నా నేను వెళ్ళలేదు. బ్రాడీపేటలో ఎవరు ఏ గుమ్మం ఎక్కినా తెల్లారేసరికి యార్డులో తెలుస్తుంది. అందుకే రైలెక్కి విజయవాడ వెళ్ళాను. ఒక చర్చి ఆవరణలో చిన్న గది, ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద తెలుగులో రాసిన 12 మెట్లు, అంటే తాగుడు మానే దారిలో ఏఏ పాటించే సూత్రాలు. మతం పుచ్చుకోమంటారేమోనని భయపడ్డాను. అక్కడ కూర్చున్నవాళ్ళలో బొట్టు పెట్టుకున్నవారున్నారు, నమాజు చేసుకుని వచ్చినవారున్నారు, దేవుణ్ణి నమ్మని పాత కమ్యూనిస్టూ ఉన్నారు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ అడ్డుపడరు, సలహా చెప్పరు. పొద్దున్నే పళ్ళు తోముకోకముందే క్వార్టర్ కోసం వెతుక్కునే సంగతి ఒకాయన చెబుతుంటే, అది నా ఒక్కడి రోగం కాదని మొదటిసారి నమ్మకం కుదిరింది. నీతులు చెప్పినవాళ్ళంతా అప్పటిదాకా తాగనివాళ్ళే.

కొన్నాళ్ళకి ధైర్యం తెచ్చుకుని గుంటూరు మీటింగ్‌కి వెళ్తే, ఆ రోజు అధ్యక్షత వహిస్తున్న మనిషి మా యార్డు హమాలీ! ఎన్ని సీజన్లుగానో నేను పద్దు రాస్తే మిర్చి టిక్కీలు (బస్తాలు) మోసినవాడు. నన్ను చూసి కుర్చీ చూపించాడు, అంతే. మర్నాడు కాటా దగ్గర ఎప్పటిలాగే "గుమస్తా గారూ" అన్నాడు. గదిలో విన్నది గది దాటదని ఎవరూ నాకు అంతకంటే బాగా చెప్పలేరు. ఆయన్నే నా స్పాన్సర్‌గా, అంటే ముందే మానేసి నాకు దారి చూపే తోడుగా, ఉండమని అడిగాను. "అన్నా" అని పిలుస్తాను, వయసులో నాకంటే చిన్నవాడైనా.

ఏఏ పుట్టుక కథ చెప్పిందీ ఆయనే. 1935లో న్యూయార్క్ షేర్ల వ్యాపారి ఒకడు పని మీద ఏక్రన్ అనే ఊరు వెళ్తాడు. బేరం చెడుతుంది. హోటల్లో ఒక పక్క బారు, ఇంకో పక్క ఫోను. తనలాంటి తాగుబోతు ఇంకెవరైనా ఉంటే మాట్లాడించమని చర్చీలకి ఫోన్లు చేస్తాడు. అలా దొరికినవాడు ఆ ఊరి సర్జన్. వాళ్ళిద్దరితో మొదలైంది. మన దేశానికి 1957లో, బొంబాయిలో వచ్చింది. బేరం చెడిన సాయంత్రం ఎలా ఉంటుందో యార్డులో పనిచేసేవాణ్ణి, నాకు చెప్పక్కర్లేదు.

నాకు గండం సీజన్ ఆఖర్లో వచ్చింది. తక్‌పట్టీలు (రైతులకిచ్చే అమ్మకం చీటీలు) ముగిసి లెక్కలు తేలిన రాత్రి కొట్లోనే సీసాలు తెరిచారు. "ఒక్కటేగా బావా" అన్నాడొకడు. బయటికొచ్చి, ఘాటుకి కళ్ళు మండుతుంటే బస్తాల పక్కన నిలబడి అన్నకి ఫోన్ చేశాను. అన్నం తిన్నావా అని అడిగాడు. తినలేదు. తిని మళ్ళీ చెయ్యమన్నాడు. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటినీ ముందు చూసుకోమని మీటింగుల్లో ఊరికే చెప్పరు. రెండో ఫోన్ చేసేసరికి ఆ ఊపు తగ్గింది.

ఓపెన్ మీటింగ్‌కి ఇంట్లోవాళ్ళనీ రానిస్తారు. మా ఆవిడ వచ్చి వెనక కూర్చుంది. ఇంటికి వెళ్తూ దారిలో, పెళ్ళయిన కొత్తలో నేను చెప్పిన మాటేదో గుర్తుచేసి నవ్వింది.

రోజూ తాగేవాళ్ళు, చేతులు వణికేవాళ్ళు ఇంట్లో ఒంటరిగా ఆపొద్దు, ముందు డాక్టరుకి చూపించుకోండి. ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే 14446 వ్యసనాల హెల్ప్‌లైన్, ఫోన్‌కి డబ్బులు పడవు. డాక్టరు రాసిన మాత్రలు మీటింగుల కోసం మానెయ్యక్కర్లేదు, నేను రెండూ కలిపే నడిపాను. మీ ఊళ్ళో మొహం చెల్లకపోతే పక్క ఊరి మీటింగ్‌కి వెళ్ళండి. గుంటూరువాళ్ళకి విజయవాడ, విజయవాడవాళ్ళకి గుంటూరు, మధ్యలో రైలు గంట ప్రయాణం.